కరణం, మునసబు పద్ధతి మనదా, తెల్లవాళ్ళదా?

పెన్నా_ఒడ్డు
నిన్న రాత్రి భోజనాల దగ్గర మా ఇంట్లో పెద్ద వాదన, ఊరి భూమి లెక్కలు రాసే కరణం, శిస్తు వసూలు చేసే మునసబు గురించి. నాన్న అంటారు, ఇంగ్లీషువాళ్ళు రాకముందు ఊరు తన సంగతి తానే చూసుకునేది, వాళ్ళొచ్చి పాడుచేశారు అని. లోపలి నుంచి మా నాయనమ్మ నవ్వింది. "అప్పటి కరణం అరుగు ముందు చెప్పులు వేసుకుని నడిచినవాడిని ఒక్కడిని చూపించు" అంది. అసలు గొడవ మా పొలం గురించి మొదలైంది. తాతల కాలం నుంచి సాగు చేస్తున్న భూమికి పాత రిజిస్టరులో పేరు ఉండవలసిన చోట చుక్కలు ఉన్నాయట. తెల్లవాళ్ళ నాటి ఆ పుస్తకమే మాకు ప్రమాణం అంటున్నారు కార్యాలయంలో. 1984లో కరణాలను తీసేశారు కదా, మరి ఇంకా వందేళ్ళ నాటి చుక్కలు మమ్మల్ని ఎందుకు ఏలుతున్నాయి? ఇప్పుడున్నది పాత ఊరి పద్ధతా, బ్రిటిషు పద్ధతా? తెలిసినవారు చెప్పండి. పార్టీల గోల మాత్రం వద్దు.

లంకపొగాకు
పార్టీల గోల వద్దన్నారు కాబట్టి సగంమంది ఇప్పుడే వెళ్ళిపోయి ఉంటారు. మిగిలినవాళ్ళం కూర్చుందాం.

చరిత్రపిచ్చి
మీ నాన్నగారిదీ నిజమే, నాయనమ్మదీ నిజమే. కరణం బ్రిటిషువాళ్ళ కంటే చాలా పాతవాడు. విజయనగర కాలానికే ఊళ్ళో పన్నెండుమంది ఆయగాండ్రు ఉండేవారు. కరణం, రెడ్డి, తలారి, పురోహితుడు, వడ్రంగి, కమ్మరి, చాకలి, ఇలా. జీతం అనే మాట లేదు. కళ్ళంలో ధాన్యం రాశి పోశాక కొలిచి ఇచ్చే మేర, దానికి తోడు చేసే పనికి బదులుగా ఇచ్చిన మాన్యం భూమి. కరణం పంపే లెక్క ఏ రాజుకు చేరినా అతని తిండి మాత్రం ఊరి రాశిలోంచే వచ్చేది.

కుంఫిణీ, అంటే ఈస్టిండియా కంపెనీ, చేసిన పని ఏమిటంటే, మనిషిని అలాగే ఉంచి అతను జవాబు చెప్పుకునే వైపు మార్చింది. 1802లో జమీందార్లకు శాశ్వత శిస్తు కట్టిపెట్టినప్పుడు (అది 25వ రెగ్యులేషన్) వెంటనే కరణాల మీద కూడా ఒకటి తెచ్చారు, 29వది. జమీందారు చూపించే లెక్క మీద నమ్మకం లేదు, కాబట్టి ఊరి కరణం రాసే లెక్క సర్కారుకు కావాలి. 1816లో గ్రామ మునసబుకు చిన్న చిన్న బాకీ తగాదాలు తీర్చే అధికారం ఇచ్చారు. 1858లో ఇనాం కమిషన్ వేసి మాన్యాలన్నీ తిరగేశారు. సేవ కోసం ఇచ్చిన భూముల్లో చాలావాటికి నామమాత్రపు శిస్తు కట్టి ఉద్యోగం నుంచి విడదీశారు, బదులుగా ఖజానా నుంచి నెల డబ్బులు. 1895 చట్టంతో వంశపారంపర్యం కాగితం మీదికి ఎక్కింది. వందేళ్ళలోపే కళ్ళం దగ్గర మేర పుచ్చుకునే మనిషి కలెక్టరు కచేరీ మనిషి అయ్యాడు. ఊళ్ళో పెత్తనం మాత్రం పోలేదు, పైగా పెరిగింది.

గోదారి_గట్టు
చరిత్రపిచ్చి గారు కళ్ళం రాశిని మరీ ముద్దుగా చూపించారు. 1766లో నిజాం నవాబు ఉత్తర సర్కారులనే మన కోస్తా జిల్లాలను కుంఫిణీకి రాసిచ్చేనాటికే రైతు నడుం విరిగి ఉంది. ఫౌజుదారు, జమీందారు, అతని కింద వసూళ్ళు గుత్తకు తీసుకున్న ఇజారాదారు, ఒక్కొక్కరూ ఒక చెయ్యి వేసినవారే. ఊరు తన సంగతి చూసుకుంది అంటే, ఊళ్ళో పెద్దరైతులు నలుగురు తమ సంగతి చూసుకున్నారని అర్థం.

చరిత్రపిచ్చి
@గోదారి_గట్టు అందులో తేడా లేదు. ఇంకొక తమాషా చెబుతాను. ఊరంటే చిన్న గణతంత్రం, రాజ్యాలు పోయినా ఊరు చెక్కుచెదరదు అనే మాట ఉంది చూశారా, దానికి అంత ప్రచారం తెచ్చింది మెట్కాఫ్ అనే తెల్లదొర. 1830లో, అదీ ఢిల్లీ వైపు పల్లెల గురించి రాశాడు. తర్వాత మనవాళ్ళే దాన్ని ఎత్తుకుని ఆయన జాతిమీదే ప్రయోగించారు.

లంకపొగాకు
అంటే పెన్నా_ఒడ్డు గారి నాన్నగారు నిన్న రాత్రి మెట్కాఫ్ తరఫున వాదించారన్నమాట. ఇది ఆయనకు చెప్పవద్దు.

హంపి_నుంచి_గుత్తి
సర్కారు జిల్లాల కథ వేరు, మా సీమ కథ వేరు. మాకు జమీందారీ శాశ్వత శిస్తు రాలేదు. 1800లో నిజాం సైన్యం ఖర్చు కింద మా జిల్లాలను కుంఫిణీకి దత్తం చేశాడు. ప్రధాన కలెక్టరుగా థామస్ మన్రో వచ్చాడు, 1807 దాకా ఉన్నాడు. వచ్చేసరికి ఎనభైమంది దాకా పాలెగాళ్ళు. కోటలు, బంట్లు, ఎవరి పన్ను వారిది. వాళ్ళను అణచి, చాలామందికి భరణాలు పడేసి, పొలం పొలం కొలిపించి రైతు పేర పట్టా రాయించాడు. రైత్వారీ అంటే అదే. మధ్యలో దొర లేడు, రైతు నేరుగా సర్కారుకు శిస్తు కడతాడు.

నేరుగా అన్నమాటే గాని, లక్షల పట్టాలు కలెక్టరు చూడగలడా? ఏ చేను ఎవరిది, ఏ ఏడు పండింది, ఏది బీడు, ఇవన్నీ రాసేది కరణమే. కాబట్టి పాలెగాడు పోయిన చోట కలం పట్టినవాడు పెద్దవాడయ్యాడు. మీ నాయనమ్మ చూసిన అరుగు ఆ తర్వాతి అరుగే అని నా అనుమానం.

మన్రో మీద మా వైపు ఇప్పటికీ భక్తి ఉంది. మాండవ ఋషి అన్నారు, పిల్లలకు మన్రోలప్ప అని పేరు పెట్టుకున్నారు. 1827 జూలైలో మద్రాసు గవర్నరుగా పర్యటిస్తూ పత్తికొండలో కలరాతో పోయాడు. మంచివాడే కావచ్చు, కాని శిస్తు బరువు మాత్రం మంచిది కాదు. 1807లో వెళ్ళిపోతూ తానే నాలుగో వంతు తగ్గించమని రాశాడు. పైవాళ్ళు అప్పుడు వినలేదు సరికదా, ఊళ్ళకు ఊళ్ళను కౌలుకిచ్చే పద్ధతి పెట్టారు. ఆయన గవర్నరై తిరిగి వచ్చాకే రైత్వారీ మళ్ళీ నిలబడింది.

అడుసుమిల్లి_అరుగు
మంత్రాలయం కథ వదిలేశారు. మఠం మాన్యం విచారణకు మన్రో వస్తే ఏనాడో సమాధి అయిన రాఘవేంద్రస్వామి బృందావనం లోపలి నుంచి ఆయనతో మాట్లాడారని చెబుతారు. ఆ మాటలు పక్కన నిలబడ్డవారికి వినపడలేదట.

లంకపొగాకు
ఎంతటి స్వాములైనా ఇనాం ఫైలు కోసం స్వయంగా హాజరు కావలసి వచ్చింది. ఇక మనమెంత.

ఓరుగల్లు_వాసి
అన్నీ బ్రిటిషువాళ్ళ ఖాతాలో వేస్తున్నారు. మా తెలంగాణలో తెల్లవాడి కలెక్టరే లేడు, అయినా పటేలు, పట్వారీ మీ కరణం, మునసబులకు ఏమీ తీసిపోలేదు. 1853లో నిజాంకు దివాను, అంటే ప్రధానమంత్రి, అయిన సాలార్‌జంగ్, శిస్తు వసూలును గుత్తకిచ్చే పాత పద్ధతిని ఎత్తేస్తూ వచ్చి 1865లో జిలాబందీ చేశాడు. జిల్లాలు, తాలూకాలు, జీతమిచ్చే అధికారులు, చాలావరకు పక్క బ్రిటిషు రాజ్యాన్ని చూసి పెట్టుకున్నవే. ఊళ్ళో మాలీ పటేలు శిస్తుకు, పోలీసు పటేలు శాంతిభద్రతలకు, పట్వారీ లెక్కలకు.

అంతకు ముందు వసూళ్ళు చేసిన దేశ్‌ముఖులకు ఆ పని పోయింది, రుసుం పేరుతో భరణం మిగిలింది. కాని సర్వే, సెటిల్‌మెంటు ఎలా జరుగుతాయో ఊళ్ళో అందరికంటే ముందు తెలిసింది వాళ్ళకే. రికార్డు ఉర్దూలో, దున్నేవాడికి చదువే రాదు. వేల ఎకరాలు ఎవరి పేర ఎక్కాయో వేరే చెప్పాలా? వెట్టి సంగతి సరేసరి. సాయుధ పోరాటంలో ఊరూరా రికార్డులు తగలబెట్టడం ఊరికే జరగలేదు.

కాబట్టి నా మాట: పరాయి పాలన అయినా, సొంత నవాబు అయినా, దోషం ఒకటే. ఊరి లెక్క ఒక్కడి మూటలో ఉండటం.

కరణం_మనవరాలు
ఇంతసేపు చదివి ఊరుకుందామనుకున్నాను. మూట అన్నారు కాబట్టి ఆ మూట సంగతి చెబుతాను. మా తాతగారి చెక్కపెట్టెలో ఏ చేను ఎవరు సాగు చేస్తున్నారో రాసే అడంగల్, చిట్టా, పదిఒకటి లెక్క లాంటి భూమి పుస్తకాలు, మడతలు పడి చిరుగులు పట్టిన పొలం పటాలు, ఒక మూలన కొలత గొలుసు ఉండేవి. ఎవరు వచ్చి ఏ సర్వే నంబరు అడిగినా పుస్తకం తెరవకుండానే గట్టు ఎటు, పక్క రైతు ఎవరు చెప్పేవారు. జీతం ఎంతో చెబితే నవ్వుతారు, అసలు పార్ట్‌టైమ్ ఉద్యోగమే అది.

కరణాలు పుస్తకాలు దాచకపోతే మీకు చరిత్రే లేదు. కుంఫిణీ సర్వే అధికారి మెకంజీ దొర తరఫున కావలి బొర్రయ్య, లక్ష్మయ్య సోదరులు, వారి మనుషులు ఊరూరా తిరిగి కైఫీయతులు, అంటే ఊళ్ళ చరిత్రలు, సేకరించారంటే, చాలా ఊళ్ళలో వాళ్ళకు ఆధారం కరణాల ఇళ్ళలోని దండకవిలెలనే పాత లెక్కల పుస్తకాలే.

1984 జనవరిలో ఒక్క ఆర్డినెన్సుతో అందరినీ తీసేశారు. తాతగారిని రికార్డు అప్పజెప్పి రమ్మన్నారు. అప్పజెప్పి వచ్చి నాలుగు రోజులు ఎవరితోనూ మాట్లాడలేదు. దొంగలు ఉంటే దొంగలను పట్టుకోవాలి గాని అందరినీ ఒకే గాట కట్టడం ఏమి న్యాయం?

గోదారి_గట్టు
@కరణం_మనవరాలు ఆ అన్యాయం మాట సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది, 1985లో అక్కడ ప్రభుత్వ నిర్ణయమే నిలిచింది. వంశపారంపర్యం మాట అంతకు ముందే తేలిపోయింది. తెనాలి తాలూకాలో ఒక మునసబు పదవి తగాదా మీద 1960 డిసెంబరులోనే, కొడుకు కాబట్టి కొలువు అనడం రాజ్యాంగానికి విరుద్ధం అన్నారు. అయినా ఆ తర్వాత కూడా చాలా ఊళ్ళలో ఆ ఇళ్ళవాళ్ళే కొనసాగారు, ఎందుకంటే పని నేర్చుకున్నది ఆ ఇళ్ళలోనే.

తలారి_వారసుడు
కరణం_మనవరాలు గారూ, మీ తాతగారి మీద నాకు కోపం లేదు, మీకు తెలియని ఒక్క సంగతి చేరుస్తాను. ఏటా జరిగే లెక్కల తనిఖీకి, అంటే జమాబందీకి, తాలూకా కచేరీకి వెళ్ళేటప్పుడు అలాంటి పెట్టెలు నెత్తిన పెట్టుకుని నడిచింది మా తాతలాంటివాళ్ళు. కరణం గారు బండిలో, పెట్టె తలారి నెత్తిన. పగలు దండోరా, రాత్రి కాపలా, అధికారులు వస్తే కోడి, కట్టెలు, నీళ్ళు. అధికారి బస చేసిన చోట గేటు అవతల నిలబడాలి.

1984 గురించి అందరూ కరణం, మునసబుల మాటే ఎత్తుతారు. ఆ రోజున తలారి, వెట్టి, చెరువు నీళ్ళు చూసే నీరటి ఎక్కడికీ పోలేదు. కొత్తగా వచ్చినవారి దగ్గర అదే పని చేశారు, పేరు మాత్రం గ్రామ సేవకుడు, తర్వాత వీఆర్ఏ (గ్రామ రెవెన్యూ సహాయకుడు). దొర మారాడు, మోత మారలేదు. మాకు ఇచ్చిన తలారి మాన్యం ఏళ్ళ తరబడి 22ఏ అనే అమ్మకాల నిషేధ జాబితాలో పడి ఉంది, బిడ్డ పెళ్ళికి అమ్ముకుందామన్నా వీల్లేదు. ఊరి పద్ధతి గొప్పదా, తెల్లవాడి పద్ధతి గొప్పదా అని మీరు తేల్చుకోండి. మా ఇంట్లో ఆ రెండింటికీ తేడా ఎవరూ కనిపెట్టలేదు.

పెన్నా_ఒడ్డు
@తలారి_వారసుడు ఇది నేను ఎప్పుడూ ఆలోచించని వైపు. ఇంకా రాయండి.

మిరప_మొగ్గ
కరణం పూర్తిగా కచేరీ మనిషి అయిపోయాడని చరిత్రపిచ్చి గారు తేల్చేశారు. గుంటూరు జిల్లా వాడిగా ఒప్పుకోను. 1921 చివర, 1922 మొదట్లో పెదనందిపాడు ఫిర్కాలో పన్నుల నిరాకరణ జరిగింది. పర్వతనేని వీరయ్య చౌదరి నాయకత్వం. అక్కడ అన్నిటికంటే పెద్ద దెబ్బ ఏమిటనుకున్నారు? గ్రామోద్యోగులు మూకుమ్మడిగా రాజీనామాలు ఇవ్వడం. కరణం, మునసబు లేకపోతే ఎవడు ఎంత బాకీయో కలెక్టరుకు చెప్పేవాడే లేడు. సైన్యాన్ని దింపారు. సైనికుడికి తుపాకీ ఉంటుంది గాని అడంగల్ ఉండదు కదా! చివరకు గాంధీగారి మాట మీద ఆపారు గాని, సర్కారు వల్ల కాదు.

చరిత్రపిచ్చి
@మిరప_మొగ్గ మంచి ఉదాహరణ, కాని అది నా మాటనే బలపరుస్తుంది. రాజీనామా చేస్తే గాని ఊరివైపు నిలబడలేకపోయారు. కొలువులో ఉన్నంతసేపు ఎటువైపో అందరికీ తెలుసు.

మిరప_మొగ్గ
రాజీనామా చేయగలిగారు కదా. ఇప్పుడు చేసేవారిని ఒకరిని చూపించండి.

మన్యం_టీచరు
మీరంతా మైదానం దాటలేదు. మా ఏజెన్సీలో కరణం కంటే ముఖ్యం ముఠాదారు. కొన్ని ఊళ్ళు కలిపితే ఒక ముఠా, దాని మీద ఒక దొర. రంప మన్సబుదారు కింద వీళ్ళు ఉండేవారు. కుంఫిణీ వాళ్ళనే ఒప్పుకుని కప్పం పుచ్చుకుంది, ఎందుకంటే చలిజ్వరం భయానికి తెల్లవాడు కొండెక్కడు. 1839 చట్టంతో గంజాం, విశాఖ జిల్లాల మన్యాలను మామూలు కోర్టుల పరిధి నుంచే తప్పించి కలెక్టరునే ఏజెంటు అన్నారు. పాత దొరలను కదిలించకుండా, పైన మాత్రం ఒక్కడి చేతిలో సర్వాధికారం.

తర్వాత ఏమైంది? అడవి మీద ఆంక్షలు, కల్లు మీద పన్ను. చెట్టు నుంచి తమ ఇంటికి గీసుకునే కల్లుకు పన్ను ఏమిటని 1879లో రంప లేచింది. అప్పుడు తిరగబడ్డవారిలో ముఠాదార్లు ఉన్నారు, సర్కారు వైపు నిలిచినవారూ ఉన్నారు. 1922లో అల్లూరి దళంలో గాము గంటందొర ఎవరు? బట్టిపనుకుల గ్రామ మునసబుగా ఉండి ఆ కొలువు పోగొట్టుకున్నవాడు. గూడెం తాసిల్దారు బాస్టియన్ రోడ్డు పనికి కొండవాళ్ళను ఈడ్చుకొచ్చి కూలి ఎగ్గొట్టిన కథ మా పిల్లలకు కూడా తెలుసు. ఆగస్టు 22న చింతపల్లి, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి ఠాణాల మీద పడ్డారు. కోపమంతా కలెక్టరు బంగళా కంటే ముందు ఠాణా మీద, తాసిల్దారు మీద పడింది. మనిషికి సర్కారు కనిపించేది అక్కడే.

ముఠాలను రద్దు చేసింది తెల్లవాళ్ళు కాదు, 1969 రెగ్యులేషన్. స్వాతంత్ర్యం వచ్చిన ఇరవై రెండేళ్ళకు.

డాలస్_తెలుగు
మన్యం_టీచరు గారి పోస్టు చదువుతుంటే నాతో పనిచేసే నైజీరియా మిత్రుడి మాటలు గుర్తొచ్చాయి. వాళ్ళ ఇగ్బోలకు రాజులే లేరట. ఉత్తరాన ఎమీర్లనే ముస్లిం పాలకుల ద్వారా పాలన బాగా నడిచిందని, దక్షిణాన రాజు లేని చోట కూడా కాగితం ఇచ్చి ఒకడిని నాయకుడిని చేశారు బ్రిటిషువాళ్ళు. ఆ నాయకులు పన్నులకు లెక్కలు రాయబోతే 1929లో ఆడవాళ్ళు వేలల్లో లేచి ఆ నాయకుల ఇళ్ళ ముందు కూర్చున్నారు. అక్కడ లేని సంప్రదాయాన్ని పుట్టించారు, ఇక్కడ ఉన్నదాన్ని వాడుకున్నారు.

ఓరుగల్లు_వాసి
ఉన్నదాన్ని ఉన్నట్టు వాడుకోలేదు. కళ్ళం మేర తీసేసి, పెత్తనం మాత్రం ఉంచి వాడుకున్నారు. ఈ ఒక్క సంగతిలో చరిత్రపిచ్చి గారితో ఏకీభవిస్తాను.

అడంగల్_బాబాయి
రెవెన్యూలో పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్నవాణ్ణి. పెన్నా_ఒడ్డు గారి చుక్కల సంగతికి ఎవరూ జవాబు చెప్పలేదు.

బ్రిటిషు హయాంలో సర్వే, సెటిల్‌మెంటు అయ్యాక తయారైనది డైగ్లాట్ అనే రిజిస్టరు. తర్వాత మళ్ళీ శిస్తు సవరించినప్పుడు తయారైనది రీసెటిల్‌మెంట్ రిజిస్టరు, మేము ఆర్.ఎస్.ఆర్. అంటాం. అందులో ప్రతి సర్వే నంబరుకు భూమి తరం, విస్తీర్ణం, శిస్తు, చివర పట్టాదారు గడి. ప్రభుత్వ భూమి అయితే ఆ మాట రాయాలి, రైతుది అయితే పేరు రాయాలి. ఎవరిదో తేలనప్పుడు, హక్కుదారు ఎదుట లేనప్పుడు ఆ గడిలో వరుసగా చుక్కలు పెట్టి వదిలేశారు. తర్వాత తేల్చుకోవచ్చని. తర్వాత అనేది రాలేదు. చుక్క అంటే ఎవరిదీ కాదు, అంటే సర్కారుది అనే అర్థం కాలక్రమంలో స్థిరపడింది. వాటిని నిషేధ జాబితాలోకి ఎక్కించేసరికి రిజిస్ట్రేషన్లు ఆగాయి. 2017లో ఆంధ్రప్రదేశ్‌లో వీటికోసమే ప్రత్యేక చట్టం తెచ్చారు.

బాబూ, ముందు ఆర్.ఎస్.ఆర్. నకలు, డైగ్లాట్ నకలు తీసుకోండి. రెండింటిలో ఒకే రకంగా ఉందా చూడండి. పాత అడంగళ్ళలో సాగుదారు గడిలో మీ తాతగారి పేరు ఏ సంవత్సరం నుంచి పడిందో పట్టండి. శిస్తు రసీదులు ఉంటే చింపకండి. చుక్కలు పెట్టినందుకు ఊరి కరణాన్ని తిట్టకండి, అది సెటిల్‌మెంటు కచేరీలో జరిగిన పని. కరణాన్ని తిట్టడానికి వేరే కారణాలు దండిగా ఉన్నాయి.

కరణం_మనవరాలు
చివరి వాక్యం అవసరమా బాబాయి గారూ?

అడంగల్_బాబాయి
ముప్పై ఏళ్ళ ఉద్యోగంలో పోగైన వాక్యం అమ్మా అది. మీ తాతగారిని ఉద్దేశించి కాదు.

కొత్త_సచివాలయం
గ్రామ సచివాలయంలో రెవెన్యూ పని చూస్తున్నాను. 1984 తర్వాత కరణం చోట గ్రామ సహాయకుడు, వీఏఓ (గ్రామ పరిపాలనాధికారి), పంచాయతీ కార్యదర్శి, వీఆర్ఓ (గ్రామ రెవెన్యూ అధికారి), 2019 అక్టోబరు నుంచి మేము. ఇన్ని బోర్డులు మారినా ముసలివాళ్ళు నన్ను కరణంగారూ అనే పిలుస్తారు. ఇప్పటికీ లెక్కల ఏడాది ఫసలీనే. 2024 జూలైలో మొదలైనది 1434 ఫసలీ. మొగలుల నాటి కాలెండరు, బ్రిటిషువాళ్ళ జమాబందీ, మా చేతిలో ట్యాబు.

నా బాధ ఒకటే. నాకు పని చెప్పేది మండలం, నివేదిక అడిగేది మండలం, ఆలస్యమైతే నోటీసు ఇచ్చేది మండలం. గ్రామసభలో ఎవరైనా లేచి నిలదీస్తే నేను సమాధానం చెప్పినా చెప్పకపోయినా నా ఉద్యోగానికి ఏమీ కాదు. చరిత్రపిచ్చి గారు చెప్పిన 1802 నుంచి నా కుర్చీ అటువైపే తిరిగి ఉంది.

ఓరుగల్లు_వాసి
మా దగ్గర 2020లో వీఆర్ఓలను తీసేశారు, భూమి రికార్డంతా ఆన్‌లైన్‌లో పెట్టే ధరణి వచ్చింది. మధ్యలో మనిషి ఉండడు, అవినీతి ఉండదు అన్నారు. తప్పు పడితే దిద్దమని అడగడానికి కూడా మనిషి లేకుండా పోయాడు. 2025లో దాని బదులు భూభారతి, మళ్ళీ గ్రామ పాలన అధికారులు. తీసేయడం, తిరిగి పెట్టడం, మా వాళ్ళకు బాగా అలవాటైన పని.

గోదారి_గట్టు
అయితే ఆ కుర్చీని సర్పంచి వైపు తిప్పేస్తే సరి. భూమి రికార్డు పంచాయతీకి ఇవ్వండి, గ్రామసభలో ఏటా చదివి వినిపించండి. ఎవడి పేరు తప్పు పడిందో ఊరే చెబుతుంది.

తలారి_వారసుడు
గోదారి_గట్టు గారూ, మొదట్లో మీరే అన్నారు, ఊరంటే నలుగురు పెద్దరైతులు అని. ఇప్పుడు ఆ నలుగురికే పుస్తకం ఇమ్మంటున్నారు. మా ఊరి గ్రామసభలో మా వీధి నుంచి మాట్లాడినవారిని వేళ్ళ మీద లెక్కపెట్టవచ్చు.

గోదారి_గట్టు
మరి మండలం చేతిలో ఉంటే మీకు మేలు జరిగిందా? మాన్యం జాబితాలో పెట్టింది మండలమే కదా.

తలారి_వారసుడు
జరగలేదు. కాని మండలం మీద అర్జీ పెడితే పైన ఆర్డీఓ ఉన్నాడు, కోర్టు ఉంది. ఊరి పెద్ద మీద అర్జీ పెట్టి అదే ఊళ్ళో నీళ్ళు ఎక్కడ తెచ్చుకోవాలి?

కొత్త_సచివాలయం
చదివి వినిపించడం వరకు చెయ్యవచ్చండి, దానికి అధికారం మార్చనక్కరలేదు. నేను పోయిన వేసవిలో మా ఊరి అడంగల్ ముద్రించి వీధి వీధికీ అంటించాను, మీలాంటి వీధితో సహా. వారంలో అభ్యంతరాలు కుప్పలుగా వచ్చాయి. సగం అన్నదమ్ముల తగాదాలే, మిగతా సగం నిజమైన తప్పులు.

లంకపొగాకు
అంటించిన కాగితాలు ఎన్ని రోజులు ఉన్నాయి?

కొత్త_సచివాలయం
మూడో రోజుకు పెద్దవీధిలోవి చించేశారు. మిగతా వీధుల్లోవి వానకు పోయేదాకా ఉన్నాయి.